సిస్టర్ చరిత మీద రిపోర్టు

సిస్టర్ చరిత ఏప్రిల్ ఆఖరు వారంలో ఒక మిట్టమధ్యాహ్నం ఆటో దిగి, గేటు తనే తీసుకుని లోపలికి వచ్చింది. మిర్యాలగూడలోని మా కాన్వెంటులో గేటు ఎవరూ తమంతట తాము తీయరు. గంట కొడతారు, లోపల్నుంచి ఒకరు వెళ్ళి ఎవరో చూసి తీస్తారు. గడియ బయటివాళ్ళకు అందకూడదని దాన్ని లోపలివైపు బాగా కిందికి పెట్టించింది నేనే. ఆమె చెయ్యి సందులోకి పోనిచ్చి, తడిమి, తీసేసింది. ఒక చేతిలో సూట్‌కేసు, నెత్తిన మూట. తెల్లటి ముసుగు మీద గుడ్డచుట్ట పెట్టుకుని, దానిమీద మూట పెట్టుకుని, రెండో చెయ్యి ఊపుకుంటూ నడిచొచ్చింది.

"మూట ఆటో ఆయన తెచ్చిస్తుండె కదా," అన్నాను.

"అక్కడ అలవాటైంది సిస్టర్. నెత్తిన పెట్టుకుంటే చేతులు ఖాళీగ ఉంటయి."

ఆరేళ్ళ తర్వాత కనిపించిన మనిషి. కుశలం అడగాల్సిన చోట నేను మూట గురించి అడిగాను. నా పద్ధతే అంత. నా పేరు సిస్టర్ అన్నమ్మ, వయసు యాభై ఏడు, ఆ ఇంటికి సుపీరియర్‌ని, అంటే పెద్దదాన్ని. అప్పటికి పదకొండేళ్ళుగా అక్కడే ఉన్నాను. నలుగురు సిస్టర్లం, నలభై రెండుమంది హాస్టల్ ఆడపిల్లలు, ఒక బడి, ఒక బొలెరో బండి, డ్రైవర్ గట్టయ్య. బోరు నేనే వేయించాను, జామచెట్లు నేనే పెట్టించాను. నువ్వు మంచిదానివా అని ఎవరైనా అడిగితే సమాధానం చెప్పలేను గానీ, గంట కొట్టాక ఒక్క నిమిషం ఆలస్యం చేసినదాన్ని కాదు.

చరిత గరిడేపల్లి దగ్గర ఒక కూలీ కుటుంబం పిల్ల. మా హాస్టల్లోనే చదువుకుని, మా కన్యస్త్రీల సభలోనే చేరి, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో టాంజానియా వెళ్ళింది. అక్కడ మా సభకు ఒక చిన్న ఇల్లు ఉంది. ఆరేళ్ళ గడువు అయిపోయింది. మూడు నెలల సెలవు మీద వచ్చింది, గడువు పొడిగిస్తే మళ్ళీ వెళుతుంది. వెళ్ళాలని ఆమె కోరిక. అది దాచుకోలేదు కూడా. వచ్చిన రోజే తిరుగు టికెట్టు తేదీ నా గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో సున్నా చుట్టింది. నా క్యాలెండర్ మీద నేను తప్ప ఎవరూ రాయరు.

ఆమె వచ్చిన మూడో రోజున కోదాడ నుంచి ప్రొవిన్షియల్ మదర్ ఫోన్ చేసింది. ఈ ప్రాంతంలోని మా కాన్వెంట్లన్నిటికీ ఆమె పెద్ద. పేరు స్వరాజ్యలక్ష్మి. సూర్యాపేటలో వాళ్ళ నాన్న ఎర్రజెండా మనిషి. కన్యస్త్రీగా చేరేటప్పుడు పేరు మార్చుకోమంటే, నాన్న పెట్టిన పేరు, ఉండనివ్వండి అని మొండికేసింది. మేమిద్దరం ఒకే ఏడు చేరాం. అందుకని ఒంటరిగా ఉన్నప్పుడు ఆమె నన్ను నువ్వు అంటుంది, నేను ఆమెను మదర్ అంటాను.

"అన్నమ్మా, జూన్‌లో మన కోదాడ స్కూలుకి హెడ్‌మిస్ట్రెస్ కావాలి. నా దగ్గర రెండే పేర్లున్నాయి. ఒకటి చరిత, ఇంకోటి నువ్వు."

"చరిత మళ్ళ పోత అంటున్నది కదా మదర్."

"అంటుంది. పంపాలా, ఇక్కడే ఉంచాలా అన్నది కౌన్సిల్ చూస్తుంది. మే అంతా నీ దగ్గరే ఉంటుందిగా. చూసి, నెలాఖరుకి రిపోర్టు రాసి పంపు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు జామచెట్ల వంక చూస్తూ కూర్చున్నాను. చరిత వెళ్ళడానికి పనికొస్తుందని రాస్తే కోదాడ నాది. పనికిరాదని రాస్తే మిర్యాలగూడ నాది. అంత ముఖ్యమైన రిపోర్టు నాకెందుకు అప్పగించారో ఆనాడు నాకు అర్థం కాలేదు.

*

మే మొదటి వారంలో మిగతా ఇద్దరు సిస్టర్లూ ఇళ్ళకు వెళ్ళారు. సిస్టర్ మంజుల మాత్రం పదో తారీఖు దాకా ఉంది. లెక్కలు చెబుతుంది, ఇరవై ఏడేళ్ళది, అన్నీ అడిగి తెలుసుకునే రకం. సాయంత్రం భోజనాలయ్యాక వరండాలో కూర్చునే అరగంటలో చరితను కదిపి కదిపి టాంజానియా గురించి చెప్పించేది.

"ఫాదర్ నెలన్నరకొకసారి వస్తడు. ఒక్కాయనకు ఇరవై మూడు ఊర్లు. మిగతా ఆదివారాలు నేనే సువార్త చదివి, నాలుగు మాటలు చెప్పి, దివ్యసత్ప్రసాదం పంచుత. సావులకు కూడ నేనే పోత."

"బైక్ మీదనా సిస్టర్?"

"బైక్ మీదనే. వానకాలంల సగం దూరం నేను బైక్ మీద పోత, సగం దూరం బైక్‌ను నేను మోస్త."

మంజుల పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు.

"మరి పర్మిషన్ ఎవరినడుగుతవ్?" అన్నాను.

చరిత ముసుగు కొసతో మెడ తుడుచుకుంది.

"మొదటి ఆర్నెల్లు అదే పరేషాన్ సిస్టర్. సుపీరియర్ ఉండేది నాలుగు గంటల దూరంల. సిగ్నల్ ఉండదు. ఎవరన్న వచ్చి నా బిడ్డకు జరమొచ్చింది రా అంటె, ఎవరినడగాలె అని గుమ్మంల నిలబడేదాన్ని. ఒకనాడు ఒక ముసలామె, నీకు కాళ్ళ నొప్పులా బిడ్డా, ఊకె నిలబడతవ్ అనడిగింది. ఆ రాత్రి మస్తు ఏడ్సిన. తెల్లారి నుంచి దేవుణ్ణడిగి పోవుడు మొదలువెట్టిన."

"దేవుడేమంటడు?" అంది మంజుల.

"పో అంటడు. ఎక్కువసార్లు పో అనే అంటడు." తర్వాత నా వైపు తిరిగింది. "ఇక్కడున్నప్పుడు గంట కొడితే ప్రార్థన చేసేదాన్ని సిస్టర్. అక్కడ భయమైనప్పుడు చేస్తున్న. ఎక్కువ చేస్తున్న."

నాకు కోపం వచ్చింది. గంట కొట్టించేది నేనే కాబట్టి అనుకున్నాను. ఇప్పుడైతే అది కోపం కాదు, అసూయ అని చెప్పగలను. ముప్పై నాలుగేళ్ళుగా నాకు భయం వేసే అవసరమే రాలేదు. ఎవరో ఒకరిని అడిగేదాన్ని, వాళ్ళు చెప్పేవాళ్ళు.

మంజుల ఊరికి వెళ్ళాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఆ వారమే ఆవకాయ పెట్టాం. ఏటా ఇంటికి రెండు జాడీలు పెడతాం. చరిత కాయలు కొట్టింది, కారం కలిపింది, చివర్లో ఒక స్టీలు డబ్బా తెచ్చి తనకోసం నింపుకుంది.

"ఆడి మామిడికాయ పులుపు మంచిగనే ఉంటది గాని, మన కారం దొరకదు. మా ఉపదేశికి నాలుకకు తగిలిస్తె మూడు రోజులు యాది చేసుకున్నడు," అంది.

మూతకు గోధుమరంగు టేపు మూడు చుట్లు తిప్పి, స్టోర్‌రూంలో పై అరలో పెట్టింది. టేపు మీద పెన్నుతో 'ముట్టుకోవద్దు' అని రాసింది. మా ఇంట్లో ఎవరూ దేని మీదా సొంతానికి అలా రాసుకోరు. ఆ మాట అనబోయి మానేశాను.

*

మే పంతొమ్మిదిన పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. సత్తమ్మ. మా హాస్టల్లో తొమ్మిదేళ్ళు వంట చేసి, మోకాళ్ళ నొప్పులతో మానేసి, వాడపల్లిలో ఉంటోంది. ఆమె భర్త పౌలు అక్కడ సిమెంటు బస్తాలు లారీలకు ఎత్తే పని చేసేవాడు.

"అమ్మా, నేను సత్తమ్మను. పౌలు పోయిండమ్మా. రాత్రి బయట మంచమేసుకొని పండిండు. పొద్దుగాల లేపితె లేవలె."

నేను చెప్పవలసిన మాటలు చెప్పాను. ఆమె వింటున్నట్టు లేదు.

"ఫాదర్‌కు చేస్తె ఫోన్ కలుస్తలేదు. ఉపదేశి చిరంజీవి సారుకు మొన్ననే కండ్ల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకొని కూసున్నడు, బుక్కు సదవలేడు. ఐస్ పెట్టె కిరాయికి తెచ్చినం గాని కరెంటు నిలుస్తలేదమ్మా. మా మరిది వేరే సంఘం పాస్టర్‌ను పిలుస్త అంటున్నడు. నాకిష్టం లేదు. ఆయన పుట్టింది, మా లగ్గమైంది అంత మన గుడిలనే."

"ఫాదర్ సుదర్శన్ రిట్రీట్‌ల ఉన్నడు సత్తమ్మా. ఇంక నాలుగు రోజులు. ఎట్లనన్న కనుక్కొని చేస్త."

"నాలుగు రోజులా? గీ ఎండలనా?" కాసేపు ఏడ్చింది. "తొమ్మిదేండ్లు మీకు అన్నం వండిపెట్టిన. ఒక్కరన్న రారా అమ్మా?"

సూర్యాపేటలో ఫాదర్లు రిట్రీట్, అంటే మౌన ధ్యానం, చేస్తున్న ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. అక్కడ ఎనిమిది రోజులు మౌనం. అందరి ఫోన్లూ ఒక పెట్టెలో పెట్టి తాళం వేస్తారట. ఆఫీసు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. గట్టయ్య మేనకోడలి పెళ్ళికని ముందురోజే చివ్వెంల వెళ్ళాడు. ఈ వివరాలన్నీ చరితకు ఎందుకు చెప్పానో తెలియదు. అడక్కుండానే చెప్పాను.

"నేను పోత సిస్టర్. తాళంచెవి ఇస్తరా?" అంది.

బండి తాళంచెవి నా గదిలో సిలువ కింద మేకుకు ఉంటుంది. ఆ మేకు దగ్గరికి నేనూ గట్టయ్యా తప్ప ఎవరూ వెళ్ళరు. ఫాదర్‌ని అడగకుండా ఎట్లా అని అనబోయాను. అనడానికి నోరు కూడా తెరిచాను. సత్తమ్మ చేతి చారు గుర్తొచ్చింది, అంతకంటే పెద్ద విషయమేమీ గుర్తు రాలేదు. వెళ్ళి తాళంచెవి తీసిచ్చాను. అంతటితో ఆగకుండా, చెప్పులు వేసుకుని, గొడుగు తీసుకుని, వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాను.

"లైసెన్సున్నదా?"

"ఉంది సిస్టర్. ఆడిదీ ఉంది, మనదీ ఉంది. బెల్టు పెట్టుకోండ్రి."

రైసుమిల్లులు దాటేదాకా కళ్ళు మూసుకుని జపమాల చెప్పుకున్నాను. తర్వాత తెరిచాను. ఆమె గట్టయ్య కంటే బాగా నడుపుతోంది.

సత్తమ్మ ఇంటిముందు టెంటు కింద ముప్పై నలభైమంది ఉన్నారు. ఫాదర్ లేనప్పుడు ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి చిరంజీవి నల్లద్దాలతో కుర్చీలో కూర్చుని, బండి చప్పుడు విని లేచాడు. పౌలు తమ్ముడు వేణు ఎదురొచ్చాడు.

"ఫాదర్ ఏడి?"

"ఫాదర్ లేడన్నా. నేనొచ్చిన," అంది చరిత.

"నువ్వు మట్టి చేస్తవా? ఆడామె మట్టి చేసుడు మేమెన్నడు సూడలె."

"నేను కూడ ఇక్కడ చేయలేదు," అంది ఆమె. వెళ్ళి సత్తమ్మ పక్కన నేలమీద కూర్చుంది. కాసేపటికి వేణును పిలిచి, ఆయన వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంటే అడిగింది. "అన్నా, నేనున్న దేశంల సమాధి కాడ పోయినాయన జీవితం చెప్తరు. పుట్టుడు కాడినుంచి, ఏం పని చేసిండు, ఎట్ల బతికిండు, అన్నీ. రాసుకొచ్చి సదువుతరు. మీ అన్న గురించి నువ్వు చెప్తవా?"

"నేనేం చెప్త? బస్తాలెత్తిండు."

"అదే చెప్పు."

కృష్ణలో మూసీ కలిసే చోటికి కొంచెం ఎగువగా, గట్టు మీద సమాధుల తోట. పదకొండున్నరకు అక్కడికి చేరాం. చరిత చదువుతుంటే పుస్తకం మీద ఎండ పడకుండా నేను గొడుగు పట్టాను. పరలోకజపం అయ్యాక ఆమె పుస్తకం మూసి వేణు వైపు చూసింది. వేణు రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మా అన్న రోజూ కంపెనీల నుంచి రాంగనె ఇంట్లకు రాడు. బయట నల్లా కాడ నిలబడి నెత్తి దులుపుకొని, కడుక్కొని, బనీను పిండుకొని వచ్చేటోడు. ఇంట్ల సిమెంటు పడితె వదినె ఊడ్వలేదని. ముప్పై ఏండ్లు. ఒక్కరోజు తప్పలె." ఆగాడు. "ఇంకేం లేదు."

సత్తమ్మ అప్పటిదాకా ఆడవాళ్ళతో వెనకాల నిలబడి ఉంది. చరిత వెళ్ళి ఆమెను చెయ్యి పట్టి ముందుకు తీసుకొచ్చింది. మొదటి పిడికెడు మన్ను ఆమే వేసింది. తర్వాత వేణు, తర్వాత నేను. పాట ఎత్తుకునేవాళ్ళు లేరు. ఉపదేశికి దుమ్ముకు దగ్గు పట్టుకుంది. నేను ఎత్తుకున్నాను. నా గొంతు చాపెల్ గోడల బయట వినిపించడం ఎన్నేళ్ళ తర్వాతో చెప్పలేను. రెండో చరణానికి అందరూ అందుకున్నారు.

బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే చరిత అంది. "మస్తు పాడిండ్రు సిస్టర్."

తిరుగుదారిలో నాకు సంతోషంగా ఉంది. చావింటి నుంచి వస్తూ సంతోషమేమిటని సిగ్గుపడ్డాను. అయినా పోలేదు. రాత్రి భోజనం దాకా ఉంది.

ఫాదర్ సుదర్శన్ రిట్రీట్ ముగించుకుని వచ్చాక నాకు ఫోన్ చేశాడు. "పోనీండి సిస్టర్, మంచిపనే అయింది. ఒక మాట నాకు చెప్తే బాగుండేది," అన్నాడు. మీ మాట పెట్టెలో పెట్టి తాళం వేశారు కదా అనాలనిపించింది. అనలేదు.

*

మే ముప్పైన రిపోర్టు రాశాను. రిపోర్టులో సుపీరియర్ కనిపించకూడదని నాకు మొదటి ఏడే నేర్పారు. సిస్టర్ ఏం చేసింది, ఎట్లా ఉంది, అంతే రాయాలి. రాసేవాళ్ళు ఏమనుకున్నారు, ఎక్కడున్నారు అన్నది అనవసరం. అలాంటివి వందకు పైగా రాసి ఉంటాను. ఎందులోనూ నేను లేను.

ప్రార్థన, ఆరోగ్యం, పని, తోటివాళ్ళతో మెలగడం, అన్నీ రాశాను. ఆఖర్న వాడపల్లి గురించి రాశాను. 'మే పంతొమ్మిదిన సిస్టర్ చరిత కాన్వెంటు వాహనాన్ని స్వయంగా నడుపుకుంటూ వాడపల్లి వెళ్ళి, విచారణ గురువులు ఫాదర్ సుదర్శన్ అందుబాటులో లేనందున తానే భూస్థాపన ప్రార్థన జరిపించింది. ప్రజలు ఆదరణ పొందారు.' ఆమెను మెచ్చుకుంటూ రాశాననే అనుకున్నాను. ధైర్యం, చొరవ అన్న మాటలు వాడకుండా మెచ్చుకోవడం మా పద్ధతి.

రాశాక మళ్ళీ చదివాను. అందులో ఏదో లేదని తెలిసింది. ఏం లేదో కూడా తెలిసింది. కోదాడ స్కూలు గుర్తొచ్చింది, ఆ మూడంతస్తుల మెట్లు గుర్తొచ్చాయి. సంతకం పెట్టి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పంపాను.

జూన్ ఆరున చరితను కోదాడ పిలిచారు. పొద్దున పోయిన మనిషి సాయంత్రం ఐదింటికి వచ్చింది. అప్పటికి మంజుల, మిగతా ఇద్దరూ ఊళ్ళ నుంచి వచ్చేశారు. నేను హాస్టల్ పరుపులు ఎండలోంచి తీయిస్తున్నాను.

"నన్ను ఇక్కడ్నే ఉంచుతరంట సిస్టర్. కోదాడ స్కూల్ల. పదహారున బదిలీల లిస్టు సదువుతరంట."

"ఎందుకంట?"

"అడగకుండ బండి తీసుకపోయిన్నంట. ఎవ్వరికి చెప్పకుండ ఒక్కదాన్నే పోయి మట్టి చేసిన్నంట. అసొంటి మనిషిని సముద్రాలవతల ఇడిచిపెట్టుడు మంచిది కాదని కౌన్సిల్ల అన్నరంట."

ఆమె ఆ మాటలు నా ముఖం చూస్తూనే చెప్పింది. నిష్ఠూరంగా చెప్పలేదు. మార్కెట్‌లో ధర చెప్పినట్టు చెప్పింది. నేను ఒక పరుపు తిరగేసి దులిపాను.

ఆ రోజు భోజనాల దగ్గర చరిత స్టోర్‌రూంలోకి వెళ్ళి స్టీలు డబ్బా తెచ్చింది. కత్తితో టేపు కోసి, మూత తీసి, బల్ల మధ్యలో పెట్టింది.

"ఇగ ఇది ఏడికి పోయేది లేదు. తినుండ్రి," అంది.

అందరూ వేసుకున్నారు. నేనూ రెండు ముక్కలు వేసుకున్నాను. చాలా బాగుంది.

తర్వాత వారం రోజులూ ఆ డబ్బా బల్ల మీదే ఉంది. బడి తెరిచారు. హాస్టల్ పిల్లలు పెట్టెలతో, తల్లిదండ్రులతో వచ్చారు. చరిత వాళ్ళ పెట్టెలు నెత్తిన పెట్టుకుని మేడ మీదికి చేరవేసింది. పిల్లలకు అదొక వేడుక. నా క్యాలెండర్ మీద పెన్సిల్ సున్నా ఎవరో తుడిచేశారు. దగ్గరగా చూస్తే ఇంకా తెలుస్తోంది. రోజుకు మూడు పూటలు బల్ల దగ్గర కూర్చున్నప్పుడల్లా డబ్బాలో ఆవకాయ ఎంత దిగిందో చూసేదాన్ని. వేరే ఎవరూ చూడలేదనుకుంటాను. అది సగానికి వచ్చింది.

పద్నాలుగున మధ్యాహ్నం సత్తమ్మ వచ్చింది. నలభయ్యో రోజు ప్రార్థనకు చరితను పిలవడానికి వచ్చానంది. మంజుల ఆమెకు అన్నం పెట్టింది. నేను పక్కన నిలబడి ఉన్నాను.

"ఫాదర్ వచ్చి పూజ చేస్తడులే," అన్నాను.

"ఫాదర్ రానీయమ్మా, వద్దన్ననా. ఈ సిస్టరమ్మ కూడ రావాలె. నువ్వు గూడ రావాలె." ముద్ద కలుపుతూ మంజులతో అంది. "నీకు ఎరుకనా బిడ్డా, ఆనాడు పెద్ద సిస్టరమ్మ నిప్పులెండల గొడుగు పట్టుకొని నిలబడి పాట పాడింది. మా వాడకట్టోళ్ళు ఇంకా అదే చెప్పుకుంటుండ్రు."

మంజుల నా వైపు చూసింది. ఆమెకు రిపోర్టు సంగతి తెలుసు. చరితను ఎందుకు ఆపేశారో ఇంట్లో అందరికీ తెలుసు. ఒక్కదాన్నే వెళ్ళిందనే అందరూ అనుకుంటున్నారు. చరిత కాదనలేదు, నేనూ కాదనలేదు. మంజుల అన్నీ అడిగి తెలుసుకునే పిల్ల, ఆ ఒక్కటి అడగలేదు. చెంచాతో ఆవకాయ తీసి సత్తమ్మ పళ్ళెంలో వేసి, మూత పెట్టింది.

*

మర్నాడు ఆరున్నర బస్సుకు కోదాడ బయల్దేరాను. ఎవరికీ చెప్పలేదు. గేటు గడియ నేనే తీసుకుని బయటికి నడిచాను. గరిడేపల్లి దాటాక కాలువ పక్కన ఆడవాళ్ళు నారుమళ్ళు చదును చేస్తున్నారు. చరిత వాళ్ళమ్మ వాళ్ళలో ఉందో లేదో. ఆమెకు కూడా ఈ వార్త చేరే ఉంటుంది. కూతురు దగ్గరికి వచ్చిందని సంతోషపడి ఉంటుందా అని ఆలోచించాను. తెలియలేదు.

ప్రొవిన్షియల్ మదర్ ఆఫీసులో ఒక్కతే ఉంది.

"కూర్చో. మజ్జిగ తాగుతావా?"

"రిపోర్టు గురించి వచ్చిన మదర్."

"చెప్పు."

బస్సులో రెండు గంటలు కూర్చుని తయారుచేసుకున్న మాటలేవీ రాలేదు.

"ఆ రోజు నేను కూడ ఉన్న. తాళంచెవి నేనే తీసిచ్చిన. ముందు సీట్ల కూసున్న. గొడుగు పట్టిన, మన్నేసిన, పాట ఎత్తుకున్న. ఆమె నన్ను అడిగింది. నేను ఒప్పుకున్న."

"మరి రాయలేదేం?"

"రిపోర్టుల సుపీరియర్ కనపడొద్దని నేర్పిండ్రు కదా."

"అదొక్కటేనా అన్నమ్మా?"

పైన ఫ్యాను తిరుగుతోంది. బల్ల మీద కాగితాలు లేవకుండా ఒక గుండ్రాయి పెట్టి ఉంది. ఆ రాయి వంక చూస్తూ చెప్పాను. "కాదు. నాకు మిర్యాలగూడ ఇడిచి రాబుద్ధి కాలేదు."

ఆమె కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. ముప్పై నాలుగేళ్ళ కిందట, పేరు మార్చుకోను అని చెప్పిన రోజున కూడా ఇలాగే కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టడం నాకు గుర్తు.

"నేను చరితని అడిగాను. ఒక్కదానివే వెళ్ళావా అని. అన్నమ్మ సిస్టర్ని అడగండి మదర్ అంది. అంతే, ఇంకో మాట లేదు. నేను నిన్ను అడగలేదు. అడిగితే చెబుతావని నాకు తెలుసు. అడక్కపోతే చెబుతావో లేదో తెలియలేదు. లిస్టు రేపు చదవాలి. ఇంకా సంతకం పెట్టలేదు."

నాకు ఏడుపొచ్చింది. కోదాడ ఆఫీసులో, మజ్జిగ గ్లాసు ముందు, ఒక హెడ్‌మిస్ట్రెస్ కాబోయే మనిషి ముక్కు చీదుకుంటూ ఏడవడం ఆమెకు ఏం బాగుంటుంది. ఆమె తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"కోదాడకు రెండో పేరు నాదే కదా," అన్నాను, ముక్కు తుడుచుకున్నాక.

"నీదే. ఇక్కడ సుపీరియర్ నీకంటే పదేళ్ళు చిన్నది. తాళాలన్నీ ఆమె దగ్గరే ఉంటాయి. బయటికి పోవాలంటే ఆమెని అడగాలి."

"అడుగుత."

"కౌన్సిల్‌కి నేను చెప్పుకుంటాను." సొరుగు తీసి నాలుగు తెల్ల కాగితాలు నా ముందుకు తోసింది. "ఇది మళ్ళీ రాసివ్వు."

"ఎంత రాయాలె?"

"జరిగినంత."

అతిథుల గదిలో కూర్చుని మధ్యాహ్నం దాకా రాశాను. నాలుగు కాగితాలు సరిపోలేదు, ఇంకో మూడు అడిగి తీసుకున్నాను. ఆమె నిలబడే చదివింది. నల్లద్దాల ఉపదేశి దగ్గర నవ్వింది. వేణు మాటల దగ్గర పేజీ తిప్పకుండా కాసేపు ఆగింది. కోదాడ స్కూలు మెట్ల దగ్గర నా వంక చూసింది.

"ఇదెక్కడి రిపోర్టే," అంది. అని, మడిచి ఫైల్లో పెట్టింది.

బస్టాండులో ఒక దుకాణంలో గోధుమరంగు టేపు కొన్నాను.

ఇంటికి చేరేసరికి ఐదు దాటింది. చరిత హాస్టల్లో పిల్లలకు మంచాలు సర్దుతోంది. నేను బల్ల మీది స్టీలు డబ్బా తీసుకుని స్టోర్‌రూంలోకి వెళ్ళాను. పెద్ద జాడీ మూతగుడ్డ విప్పి, గరిటెతో తీసి డబ్బా నింపాను. నూనె పైకి తేలేదాకా పోశాను. అంచులు తుడిచి మూత బిగించాను. టేపు కొస గోటికి దొరక్క అవస్థ పడుతుంటే గుమ్మంలో అలికిడైంది.

చరిత డబ్బా చూసింది. నా చేతిలో టేపు చూసింది. నా చీర మీద బస్సు దుమ్ము చూసింది.

"కోదాడ పోయొచ్చిండ్రా సిస్టర్?"

"పోయొచ్చిన."

ఆమె వచ్చి నా ఎదురుగా నేలమీద కూర్చుని, డబ్బా కదలకుండా రెండు చేతులా పట్టుకుంది. నేను టేపు తిప్పాను. ఒక చుట్టు, రెండు, మూడు. కత్తి కోసం చూశాను.

"ఇంకొక చుట్టు తిప్పుండ్రి సిస్టర్," అంది తల ఎత్తకుండానే. "మస్తు దూరం పోవాలె."

ఇంకో చుట్టు తిప్పాను.